రోగియొక్క కాయకమేది?

వీరశైవ ధర్మమున కాయకమునకు గల ప్రాధాన్యము పాఠకులకు క్రొత్తగా చెప్పవలసినది కాదు. పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమందు బసవేశ్వరుడును, ఆయనతోడి శరణులును ఏర్పరచిన జీవన విధానములో కష్టించి సంపాదించుట, సంపాదించినదానిని దాసోహమునకు సమర్పించుట, మిగిలినదానిని ప్రసాదముగా స్వీకరించుట అను మూడును ఒకే గొలుసులోని కడియములు. బట్టలుదికిన మడివాళ మాచయ్య, పడవ నడపిన అంబిగర చౌడయ్య, కట్టెలు కొట్టి అమ్మిన మోళిగె మారయ్య మున్నగువారందరును చేతిపని విడువకయే శివుని చేరినవారు. ఇట్టి ధర్మమున పుట్టి పెరిగిన గృహస్థు దీర్ఘవ్యాధికి లోనై నెలల తరబడి పనిచేయలేని స్థితికి వచ్చినప్పుడు అతని ధర్మమేమి? కాయకము లేనివానికి ప్రసాదమునందు హక్కు కలదా? చికిత్స పేరిట తన తిండిని, నిద్రను, అలసటను నిత్యము తలచుకొనుచుండుట దేహాభిమానము కాదా? ఈ ప్రశ్నలు గ్రంథములలో పుట్టినవి కావు. రోగియున్న ప్రతి ఇంటను ఏదో యొక రాత్రి పుట్టునట్టివి. హెపటైటిస్ సి అను కాలేయవ్యాధిని ఉదాహరణముగా గైకొని వీనిని విచారింపవచ్చును.

కాలేయమునకు వాపు కలిగించు వైరసులు పెక్కు కలవు. వానిలో ఎ, ఇ రకములు కలుషితమైన నీటివలనను, ఆహారమువలనను వ్యాపించును. సి రకము అట్టిది కాదు. అది రక్తముద్వారా వ్యాపించును. శుద్ధిచేయని సూదులు, పరీక్షింపని రక్తమును ఎక్కించుట, ఒకరి క్షురకత్తిని మరియొకరికి వాడుట, పచ్చబొట్టు సూదులు, జాగ్రత్త చాలని డయాలిసిస్ దాని ముఖ్యమార్గములు. ఈ వైరసును శాస్త్రజ్ఞులు 1989లో గుర్తించిరి. ఆ కృషికై హార్వే ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్ అను మువ్వురికి 2020లో నోబెల్ బహుమానము లభించినది. వైరసు సోకిన నూరుగురిలో సుమారు ముప్పదిమందికి ఆరు మాసములలో చికిత్స లేకయే అది తొలగిపోవును. తక్కినవారి శరీరమున స్థిరపడును. అట్లు స్థిరపడినవారిలో నూటికి పదునైదుగురు మొదలు ముప్పదిమంది వరకు ఇరువది యేండ్ల వ్యవధిలో సిర్రోసిస్‌కు, అనగా కాలేయము గట్టిపడి ముడుచుకొనిపోవు స్థితికి, లోనగుదురు. అంతవరకు చాలమందికి ఏ బాధయు తెలియదు. ప్రపంచమున సుమారు 5 కోట్లమంది ఈ వ్యాధితో జీవించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దీనికి నేటికిని టీకా లేదు.

1990వ దశకము మొదలు 2014 ప్రాంతము వరకు దీనికి ప్రధానమైన ఔషధము ఇంటర్‌ఫెరాన్ సూదిమందు. 1998 నుండి దానికి రైబావిరిన్ మాత్రలు తోడైనవి. వైరసు రకమును బట్టి 24 వారములు గాని, 48 వారములు గాని ఈ చికిత్స సాగవలెను. సూది వేసిన రాత్రి చలిజ్వరము, ఒళ్లునొప్పులు వచ్చును. రైబావిరిన్ వలన ఎర్ర రక్తకణములు నశించి, నాలుగు మెట్లెక్కినంతనే ఆయాసము కలుగును. ఆకలి మందగించును, జుట్టు రాలును, నిద్ర పట్టదు. అన్నిటికంటె కఠినమైనది మనోవ్యథ. ఏ కారణము లేకయే కోపము, ఏ దుఃఖము లేకయే కన్నీరు, కొందరికి జీవితముపైననే విరక్తి కలుగును. ఇంత సహించినను కొన్ని రకముల వైరసు విషయమున రోగులలో సగముమందికి మాత్రమే వ్యాధి నయమగుచుండెను. పైగా ఖర్చు లక్షల రూపాయలు.

నేడు ఆ స్థితి మారినది. సోఫోస్బువిర్ మొదలైన నోటిమాత్రలు 2013 చివర వెలువడినవి. 2015 నాటికి భారతీయ సంస్థలు, అందు హైదరాబాదులోనివియు, వానిని తక్కువ వెలకు తయారుచేసి అందింపసాగినవి. 2018 జులై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమము క్రింద పరీక్షయు, ఔషధమును ఉచితముగా లభించుచున్నవి. పెక్కుమందికి 12 వారముల మాత్రలు చాలును. నూటికి తొంబదియైదుగురికి పైగా నయమగుచున్నది. అయినను కాలేయము మిక్కిలి చెడినవారికి నేటికిని రైబావిరిన్ చేర్చుటయో, చికిత్సను 24 వారములకు పొడిగించుటయో అవసరమగుచున్నది. కాలేయము అదివరకే గట్టిపడినవారు వైరసు పోయిన తరువాత కూడ క్యాన్సరు భయమున ఆరేసి మాసములకు పరీక్ష చేయించుకొనుచుండవలెను. కావున ఆ కఠినమైన రోజులలో రోగులు నేర్చిన పాఠము పాతబడలేదు. మూత్రపిండములు చెడి వారమునకు రెండు మూడుమార్లు డయాలిసిస్‌కు పోవువానికిని, క్యాన్సరు మందులు తీసికొనువానికిని ఆ పాఠమే వర్తించును.

ఇంటర్‌ఫెరాన్ దినములనాటి ఒక చిన్న బట్టల వర్తకుని దృష్టాంతముగా ఊహింతము. తెల్లవారుజామున లేచి, స్నానమాచరించి, విభూతి ధరించి, ఇష్టలింగమును కరస్థలమున నుంచి పూజించి దుకాణమునకు పోవుట అతని నిత్యవిధి. ప్రతి సోమవారము ఒక జంగముని ఇంటికి పిలిచి భోజనము పెట్టుట తండ్రినాటి ఆచారము. నలుబదియైదవ యేట రక్తపరీక్షలో వ్యాధి బయటపడినది. నలుబది ఎనిమిది వారముల చికిత్స అని వైద్యుడు చెప్పెను. అతనిని బాధించినది సూది కాదు, ఖర్చును కాదు. మూడు సందేహములు అతనిని పట్టుకొనినవి.

మొదటిది: ఇది పూర్వపాపఫలమా? తాను అంటరానివాడైనాడా? బంధువులు అతని ఇంట మంచినీళ్లు త్రాగుటకు వెనుదీసిరి. తన పళ్లెమును, చెంబును అతడే వేరుగా పెట్టుకొనెను. ఇక్కడ ధర్మమును, శాస్త్రమును ఒకే మాట చెప్పుచున్నవి. ఈ వ్యాధి కలిసి భుజించుటవలన గాని, పాత్రలవలన గాని, స్పర్శవలన గాని, ఆలింగనమువలన గాని అంటుకొనదు. క్షురకత్తి, గోళ్లు తీయు సాధనము, పండ్లుతోము బ్రష్షు వేరుగా నుంచుకొని, గాయమును కప్పి, చిందిన రక్తమును జాగ్రత్తగా శుభ్రపరచిన చాలును. ఇక ధర్మ విషయము. జనన సూతకము, మరణ సూతకము, రజస్సూతకము, ఉచ్ఛిష్ట సూతకము, జాతి సూతకము అను ఐదింటిని లింగధారికి లేవని త్రోసివేసినది శరణధర్మము. లోకమంతయు శతాబ్దములుగా పాటించిన ఐదు సూతకములను తీసివేసినవారి సంతతి, ఆసుపత్రి చీటీని చూచి ఆరవ సూతకమును కల్పించుకొనుట ఎంతటి విపరీతము! రక్తమును సరిగా పరీక్షింపని కాలమున ఎక్కించిన ఒక సీసా, కాచని ఒక సూది ఈ వ్యాధికి కారణమై యుండవచ్చును. దానిని పాపమనుట న్యాయము కాదు. పాపమని భయపడి పరీక్షకే పోనివారు పెక్కుమంది కలరు. వ్యాధికంటె ఈ సిగ్గే వారి కాలేయమును ఎక్కువగా చెరచుచున్నది.

రెండవ సందేహము దేహాభిమానమును గూర్చినది. శరణులు దేహమును అనిత్యమనిరి గదా, దానికి ఇంత ఉపచారమెందుకు? ఈ విషయమున అల్లమప్రభువు, గోరక్షుల కథ స్మరింపదగినది. పదునైదవ శతాబ్దమున చామరసు కన్నడమున రచించిన ప్రభులింగలీలలో అది విపులముగా కలదు. సాధనచే తన దేహమును వజ్రమువలె గట్టిపరచుకొంటినని గోరక్షుడు గర్వించెను. కత్తితో కొట్టగా అతని దేహము ఖణిల్లుమనెను గాని తెగలేదు. పిమ్మట అతడు ప్రభువును కొట్టగా, ఆకాశమును కొట్టినట్లు కత్తి దూసికొనిపోయెను. దేహమును గట్టిపరచుకొనుటయే సిద్ధి యనుకొన్నవాని గర్వము అక్కడ అణగినది. ఈ కథ దేహమును నిర్లక్ష్యము చేయుమని చెప్పుటలేదు. దేహము నాది యను పట్టు వదలుమని చెప్పుచున్నది. దేహమును శిక్షించువాడును, దేహమును ముద్దుచేయువాడును ఇరువురును దానిని తన సొత్తనియే తలచుచున్నారు. శరణునకు అది సొత్తు కాదు, లింగమునకు నెలవు. అద్దె యింటిలో నున్నవాడు గోడకు నగలు తొడుగడు, అట్లని కప్పు కారుచుండగా చూచుచు కూర్చుండడు.

ఈ దృష్టితో చూచినచో రోగి చేసికొనవలసిన మార్పులన్నియు సదాచారమున భాగములగును. అందు మొదటిది మద్యమును పూర్తిగా విడుచుట. మద్యము నిషిద్ధమను ధర్మమున పుట్టినవారి ఇండ్లలో కూడ నేడది ప్రవేశించిన మాట దాచి ప్రయోజనము లేదు. సి వైరసు ఉన్న కాలేయమునకు మద్యము అగ్నికి నేయి వంటిది, కొంచెమైనను హానియే. రెండవది భోజనము. ఒకేసారి కడుపునిండ తినలేనివాడు ఐదారు మారులు కొంచెము కొంచెముగా తినవలెను. పప్పు, పెరుగు, ఆకుకూరలు, జొన్నరొట్టె వంటి మన ఇంటి వంటయే చాలును. వైద్యుడు వలదనని పక్షమున నీరు తరచుగా త్రాగుట తలనొప్పిని, అలసటను తగ్గించును. కడుపున నీరు చేరినవారు మాత్రము ఉప్పును తగ్గించి, నీటిని గూర్చి వైద్యుని ఆజ్ఞ పాటింపవలెను. మూడవది నడక. ఓపిక లేదని పూర్తిగా పరుండినవానికి ఓపిక మరింత తగ్గును. చల్లని వేళ గుడివరకో, వీధి చివరవరకో నడచి వచ్చినచో రాత్రి నిద్ర మెరుగగును. నాలుగవది ఔషధ వివేకము. కాలేయమునకు మంచిదని ఎవరో ఇచ్చిన ఆకుపసరును, చూర్ణమును వైద్యునికి చెప్పక వాడుట ప్రమాదము. వానిలో కొన్ని కాలేయమునకే హాని చేయును, కొన్ని మాత్రల శక్తిని హరించును. రైబావిరిన్ తీసికొను కాలమునను, ఆ తరువాత కొన్ని నెలలును దంపతులు గర్భము కలుగకుండ జాగ్రత్తపడవలెను. భర్త మాత్రమే మందు తీసికొనుచున్నను ఈ నియమము తప్పదు.

ఉపవాసమును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మన వర్తకుడు సోమవారములందు ఒంటిపూట ఉండువాడు, శివరాత్రికి నిరాహారుడు. రక్తహీనత కలిగిన పిదప కూడ ఆ నియమమును విడుచుటకు అతని మనసొప్పలేదు. కాని శరణధర్మమున ఉపవాసముకంటె ప్రసాదమునకే పెద్దపీట. శివునకు అర్పించినదానిని తృప్తితో స్వీకరించుటయే అందు వ్రతము. వేళకు రెండిడ్లీలు తిని మాత్ర వేసికొనుటకు ఒక్కొక్కప్పుడు ఉపవాసముకంటె ఎక్కువ నిగ్రహము కావలెను. ఆకలి లేనివానికి తినుటయే తపస్సు.

మూడవ సందేహము అన్నిటికంటె లోతైనది: పని మానుట ధర్మమా? నులియ చందయ్య కథ వీరశైవులందరు ఎరిగినదే. త్రాళ్లు పేనుటకై గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారిపడినను ఆయన కాయకము మానలేదట. లింగము కంటెను కాయకమునే మిన్నగా ఎంచిన ఆ శరణుని తలచుకొని, జ్వరముతో వణకుచునే దుకాణమునకు పోయినవారు లేకపోలేదు. అయితే మరియొక కథ కూడ ఆ కల్యాణముననే కలదు. ఆయ్దక్కి మారయ్య క్రిందపడిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడు ఆయన అవసరమునకు మించి తెచ్చెను. భార్యయగు లక్కమ్మ సంతసింపలేదు. అధికముగా తెచ్చినదానిని తిరిగి అక్కడనే విడిచి రమ్మని పంపెను. కాయకమునకు హద్దు కలదని, ఆ హద్దును దాటుట ఆశయగునని ఆ సాధ్వి బోధించినది. ధాన్యమునకు వర్తించునది బలమునకును వర్తించును. ఈనాటి దేహమునకు నాలుగు గంటల బలము మాత్రమే కలదు. ఎనిమిది గంటల పనిచేయుట రేపటి బలమును నేడే దోచుకొనుట. అది శ్రమవలె కనిపించు ఆశ.

కావున రోగి కాయకము మానుటలేదు, మార్చుకొనుచున్నాడు. వేళకు మందు వేసికొనుట, తప్పక పరీక్షకు పోవుట, బాధను దాచక వైద్యునికి చెప్పుట, చెప్పినన్ని వారములు మధ్యలో విడువక సాగించుట అతనికి ఆ కాలమున కాయకము. కాయకమున కుండవలసిన గుణములన్నియు ఇందు కలవు: నియమము, శ్రద్ధ, ఫలము తనకొక్కనికే గాక ఇంటివారికిని చెందుట. నాటి రోగులలో కొందరు సూదిని శనివారము రాత్రి వేయించుకొని, జ్వరమును ఆదివారమున అనుభవించి, సోమవారమునకు లేచి చేతనైనంత పనిచేయుచుండిరి. బలమున్న దినమున కఠినమైన పని, లేని దినమున లెక్కలు చూచుట వంటి సులభమైన పని అని పనిని పంచుకొనుట సోమరితనము కాదు, కాయక వివేకము.

ఇంతవరకు అంగీకరించినవారికి కూడ మ్రింగుడుపడని విషయమొకటి కలదు. ఇరువది యేండ్లు పదిమందికి పెట్టినవాడు ఇప్పుడు పదిమందిచేత పెట్టించుకొనవలెను. తమ్ముడు దుకాణము చూడవలెను, ఇరుగుపొరుగువారు ఆసుపత్రికి తోడు రావలెను, సోమవారపు జంగమ భోజనము ఇతరుల చేతిమీదుగా జరుగవలెను. మన వర్తకుడు దీనికి ఒప్పుకొనలేదు. ఎవరి సహాయమును వలదనుచుండెను. చివరకు భార్య ఒక సాయంకాలము, "ఇన్నాళ్లు మీరు పెట్టినారు, వారు పుచ్చుకొన్నారు. పుచ్చుకొన్నవారు తక్కువవారని మీరెన్నడైనను అనుకొంటిరా? లేనిచో ఇప్పుడీ సంకోచమెందుకు?" అని అడిగినది. ఆ ప్రశ్నకు అతనివద్ద సమాధానము లేకపోయెను.

ఆమె ప్రశ్నలో దాసోహతత్త్వమంతయు కలదు. నేను దాసుడను అనుట దాసోహము. నేను దాతను అనుకొనుట మొదలైన నాడు అది చెడినది. పెట్టువాడు గొప్ప, పుచ్చుకొనువాడు తక్కువ అని ఏ మూలనో తలచినవాడు తన ఇంటికి వచ్చిన జంగమునికి అన్నము పెట్టినను గౌరవము పెట్టలేదు. ఇచ్చునప్పుడు ఈ లోపము బయటపడదు. పుచ్చుకొనవలసి వచ్చినప్పుడే పడును. పరుల సేవను సిగ్గుపడక, హక్కుగాను భావింపక, ప్రసాదముగా స్వీకరించుట నేర్చినవాడే సరిగా పెట్టుటయు నేర్చినవాడు. వ్యాధి గురువని చెప్పుట సులభము; బాధపడువానికి ఆ మాట రుచింపదు, రుచింపవలసిన పనియు లేదు. కాని ఈ ఒక్క పాఠము ఆరోగ్యవంతునికి అంత సులభముగా దొరకదు.

కోపమును గూర్చి కూడ రెండు మాటలు అవసరము. ఇంటర్‌ఫెరాన్ వాడువాడు భార్యాబిడ్డలపై అకారణముగా మండిపడుచుండెను. ఆ కోపము మందుదా, మనిషిదా? మందు పుట్టించిన కోపమునకు అతనిని దోషిగా నిలుపరాదు. అయితే మందుపై నెపము వేసి నోటికి వచ్చినదెల్ల అనుటకు అది అనుమతిపత్రము కాదు. ముందుగానే ఇంటివారితో, "ఇట్లు జరుగవచ్చును, ఓర్చుకొనుడు" అని చెప్పుట, తప్పిన పిదప క్షమాపణ కోరుట, మాట పెరుగుచుండగా లేచి నడకకు పోవుట అతని చేతిలోనివి. తన చేతిలోనున్నంత మేరకే మనుష్యుడు బాధ్యుడు. కాని ఆ మేరకు తప్పక బాధ్యుడు. దిగులు పెరిగి జీవితముపై ఆశ తరిగినచో దానిని భక్తిలోపమని దాచుకొనరాదు. వెంటనే వైద్యునికి తెలుపవలెను. అది రక్తహీనతవలె చికిత్స గలదియే. జపము చేసినను పోలేదని నిందించు బంధువు ఆ సమయమున శివునకు సాయము చేయుటలేదు.

ఇక చికిత్స ముగిసిన తరువాతి మాట. నేటి మాత్రలు ముగిసిన పిదప 12 వారములకు రక్తపరీక్షలో వైరసు కనబడనిచో వ్యాధి నయమైనట్లు లెక్క. అయినను ఒకసారి నయమైనవానికి మరల సోకదను రక్షణ లేదు. వైరసు పోయినను మద్యము, మధుమేహము, అధికమైన బరువు కాలేయమును చెరచుచునే యుండును. మాత్రలు వైరసును తీసివేయును, అలవాట్లను తీసివేయలేవు. అందుచే చికిత్సా కాలమున నేర్చిన నియమములు మందుతో ముగియవలసినవి కావు. పన్నెండు వారములకు నేర్చిన మితాహారమును, నడకను, మద్యత్యాగమును జీవితాంతము పూజతోపాటు నిలుపుకొనిననే అవి సదాచారమగును. లేనిచో అవి భయమునకు చెల్లించిన పన్ను మాత్రమే.

మఠములకును ఇందు కర్తవ్యము కలదు. జాతరలకు, శివానుభవ గోష్ఠులకు వందలమంది చేరుదురు. 2000 సంవత్సరమునకు పూర్వము రక్తము ఎక్కించుకొన్నవారు, శుద్ధిచేయని సూదులు వేయించుకొన్నవారు, డయాలిసిస్‌పై నున్నవారు ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకసారి పరీక్ష చేయించుకొనుడని స్వామివారు ఒక మాట సెలవిచ్చినచో, సిగ్గుచే దాగియున్న పెక్కుమంది బయటకు వత్తురు. వ్యాధి ఉన్నవానిని పంక్తిలో తమ ప్రక్కన కూర్చుండబెట్టుకొని ప్రసాదము స్వీకరించినచో నూరు ఉపన్యాసములు చేయలేని పని జరుగును.

దృష్టాంతములోని వర్తకుని కథను కూడ ముగింపవలెను. నలుబది ఎనిమిది వారములు గడచినవి. ఆ యేడాది సోమవారపు జంగమ భోజనము ఒక్కసారియు తప్పలేదు. వండినది ఒకరు, సరకులు తెచ్చినది మరియొకరు. అతడు గోడకు చేరగిలబడి కూర్చుండి చూచుచుండెను. జంగమయ్య భుజించి లేచుచు ప్రతివారము అతనినే, "ఈ వారము మందు తప్పలేదు గదా?" అని అడుగుచుండెను. తప్పలేదని చెప్పగలుగుటయే ఆ సోమవారములందు అతని సమర్పణము.